నీళ్ళలో బెత్తెడు, వంతెన మీద జానెడు

మాచర్ల,
15 అక్టోబరు 1944

మా కుడిపక్క సైన్యానికి సేనాపతి అయిన చెన్నకేశవరావు మాస్టారికి, మీకు బదిలీ అయిన దగ్గర్నుంచీ కుడిపక్క ఖాళీగా ఉన్న యల్లమంద దండాలు.

మీ ఉత్తరం అందింది. మాచర్లలో పదేళ్ళపాటు ఒక వడ్రంగితోనూ, ఒక కళాయివాడితోనూ కలిసి బొమ్మలాట ఆడానని చెప్తే నరసరావుపేట బడిలో మీ తోటి మాస్టర్లు నవ్వారని రాశారు. నవ్వనీండి. ఆ బడిలో నవ్వడానికి ఇంకేమీ లేదని మీరే రాశారు గదా.

వాళ్ళకిట్లా చెప్పండి. రైలుమార్గం వేసే రోజుల్లో ఇంజనీరు దొర బంగళాకి బల్లలు చెయ్యడానికి పోయాను. దొరకి రెండు పెట్టెల బొమ్మ సిపాయిలున్నారు గానీ ఎదురు కూర్చుని ఆడే మనిషి లేడు. బల్ల చేసినవాణ్ణే ఆ బల్ల ముందు కూర్చోబెట్టి ఆట నేర్పాడు. పోయేటప్పుడు సిపాయిల్ని తీసుకుపోయి ఆటని మాత్రం నా నెత్తిన పెట్టి పోయాడు. దుర్గిలో రాతి అచ్చులు చెక్కించాను. కళాయి పెట్టే చాంద్ బాషా తగరం కరిగించి పోశాడు. నేను రంగులేశాను. ఎనిమిదడుగుల బల్ల మీద దుప్పటి పరిచి, కింద గోనెసంచులు మడిచిపెడితే కొండలు. నీలిమందు గుడ్డ పరిస్తే ఏరు. కంపపుల్లలు గుచ్చితే అడవి. శుక్రవారం బాషా జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి మా పంచలో ఒక దేశం తయారుగా ఉంటుంది. పుల్లమ్మ మజ్జిగ పోస్తూ, "జపానువాడు గుమ్మంలోకొచ్చినా మీరు లేచేట్టు లేరు" అంటుంది.

సూత్రాలు మాత్రం దొరవి కావు, నావి. దొరవి ఇంగ్లీషులో ఉన్నాయి, నాది అయిదో తరగతి. సిపాయి ఒక వంతుకి నేల మీదైనా, వంతెన మీదైనా జానెడు నడుస్తాడు. నీళ్ళలోకి దిగితే బెత్తెడే. బాషా జానా, నా జానా ఒకటి కాదని తగువొస్తే నా చేతి కొలతకి రెండు పుల్లలు కోసి పెట్టాను. తుపాకి పేలిస్తే పాచిక వెయ్యాలి. ఎన్ని చుక్కలు పడితే ఎదుటివాళ్ళు అంతమంది పడిపోతారు. ఇంతే ఆట. దీనికి నవ్వాల్సింది ఏముందో ఆ మాస్టర్లనే అడగండి.

ఇక ఇక్కడి సంగతి. మలయా, బర్మా జపాను చేతికి పోయిన దగ్గర్నుంచీ బజారులో తగరం కంటికి కనపడటం లేదు. బాషా కొలిమి చల్లారి రెండేళ్ళు దాటింది. కట్టెల అడితిలో మోతకి పోతున్నాడు. వాళ్ళింట్లో చూస్తే పెట్టెడు తగరం సిపాయిలున్నారు. "కరిగించరాదా బావా, ఊళ్ళో సగం గిన్నెలకి కళాయి పెట్టొచ్చు" అన్నాను. "పటాలాన్ని కరిగిస్తే దేశం ఏం గావాల?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వలేదు.

వాడి కొడుకు షబ్బీరు బర్మాలో పోయాడన్న కబురు వచ్చినప్పుడు మీరిక్కడే ఉన్నారు. మన బల్ల దగ్గరే మీసం మొలిచిన కుర్రాడు. ఎక్కడ, ఎట్లా పోయాడని ఆ కాయితంలో లేదు. మొన్న మాచవరం నుంచి మస్తాన్‌రావు అనే అతను వచ్చాడు. షబ్బీరు పటాలమే. కాలికి దెబ్బ తగిలి సెలవు మీద వచ్చాడట. బాషా ఇంట్లో తలుపేసుకుని మధ్యాహ్నమంతా మాట్లాడి పోయాడు. తరవాతి శుక్రవారం బాషా పొట్లం కాయితం ఒకటి పట్టుకొచ్చి బల్ల మీద పరిచాడు. దాని మీద బొగ్గుతో గీసిన ఏరు, నడుమ ఒక వంతెన, అవతల ఒక దిబ్బ.

"బావా, ఇయ్యాళ ఇది పెట్టు."

"ఏందిది?"

"మావోడు సచ్చిపోయిన చోటు."

నా చేతిలో కంపపుల్లలున్నాయి. వాటినేం చెయ్యాలో తెలియలేదు.

"ఇటు పదారుమంది. ఆ దిబ్బ మీద ఆరుగురు, ఒక మిషన్ గన్. నువ్వు జపాను" అన్నాడు.

పెట్టాను మాస్టారూ. పంచ నాది, బల్ల నాది, అడిగినవాడు పదమూడేళ్ళ స్నేహితుడు. పదహారుమందిలో ముందున్నవాడి మెడకి ఎర్రదారం కట్టి ఉంది. అది ఎవరని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. వంతెన మీదుగా వచ్చారు. నేను పాచిక వేశాను. ఆరు. మళ్ళీ వేశాను. అయిదు. మూడోసారికి వంతెన మీద నిలబడ్డవాడు లేడు. బాషా పడ్డవాళ్ళని ఒక్కొక్కణ్ణే తీసి తువ్వాలుతో తుడిచి పెట్టెలో పడుకోబెట్టాడు.

"మళ్ళా శుక్రారం వస్తా. ఇదే పెట్టు" అన్నాడు.

మీరు చదువుకున్నవారు. ఇది ఆడొచ్చునా, ఆడకూడదా? జవాబు రాయండి.

మీ
యల్లమంద


మాచర్ల,
8 జనవరి 1945

మాస్టారికి, మాచర్లలో జపాను సేనాపతిగా పదమూడు వారాలు నిండించిన యల్లమంద నమస్కారాలు.

"ఒక్కసారి ఓడిపోవయ్యా, నీదేం పోయింది, ఆ తండ్రి కడుపు చల్లబడుతుంది" అని రాశారు. పుల్లమ్మ కూడా ఇదే మాట అంది, మీకన్నా కాస్త తక్కువ మర్యాదగా. "సచ్చినోణ్ణి వారం వారం సంపే మొగుణ్ణి ఏ ఆడదీ కట్టుకోలా. ఒక్కపాలి ఓడితే నీ మీసాలు ఊడతయ్యా?" అంది. మజ్జిగ పొయ్యడం మానేసింది. ఇప్పుడు మేం మంచినీళ్ళతో యుద్ధం చేస్తున్నాం.

పదమూడు శుక్రవారాలు మాస్టారూ. బాషా రాని వారం లేదు. మొదటి వారం తప్ప మళ్ళీ వంతెన ఎక్కలేదు. ప్రతిసారీ నీళ్ళలోకే దిగుతున్నాడు. ఎగువన దిగాడు, దిగువన దిగాడు. ఎడమపక్క రెల్లులోంచి పాకుతూ వచ్చాడు. దూది పెట్టి పొగ అన్నాడు. చీకట్లో దాటుతానంటే ఇద్దరం కూర్చుని చీకటికి ఒక సూత్రం రాశాం. చీకట్లో కూడా చచ్చాడు. నీళ్ళలో బెత్తెడు చొప్పున నడిచేవాడు దిబ్బ మీది మిషన్ గన్‌ని ఏం చెయ్యగలడు?

ఇప్పుడు మీకొక మాట చెప్పాలి. పుల్లమ్మకి చెప్పలేదు, దేవుడికి కూడా చెప్పలేదు. ఈ పదమూడేళ్ళలో నేను బాషాని మూడంటే మూడుసార్లు గెలిచాను. అందులో ఒకసారి వాడికి జ్వరం. బల్ల నాది, సూత్రాలు నావి, పుల్లలు నావి, పాచిక నేను చండ్ర కర్ర చేవలో చెక్కింది. గెలుపు మాత్రం వాడిది. వాడు గెలిచి మా ఇంటి మురుకులు నములుతూ, "బావా, నువ్వు బల్లలు సేసుకో, యుద్ధాలు నాకొదులు" అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. జోకులేసేవాణ్ణని నాకు పేరు గదా. ఆ నవ్వు కింద ఏముందో నేనెప్పుడూ తవ్వి చూసుకోలేదు.

ఇప్పుడు వరసగా పదమూడు వారాలు గెలిచాను. బాగుంది మాస్టారూ. రాసింది కొట్టెయ్యను. చాలా బాగుంది. గురువారానికే చెయ్యి దురద పెడుతుంది. వీడు ఈసారి ఎటునుంచి వస్తాడా అని ఆలోచిస్తూ బాడిస తప్పు దెబ్బ వేసి ఒక బండి చక్రం ఆకు పాడుచేశాను. ఎర్రదారం సిపాయి నీళ్ళలో పడ్డప్పుడు పైకి "అయ్యో" అంటాను. లోపల ఒకడు తొడ కొడతాడు. బాషా తల వంచుకుని ఆ బొమ్మని తుడుస్తుంటే నేను వచ్చేవారం మిషన్ గన్ ఇంకో రెండు వేళ్ళు ఎడమకి జరపాలా అని చూస్తుంటాను. కొడుకు పోయినవాడి మీద గెలిచి ఒళ్ళు పెంచుకుంటున్న మనిషి మీ స్నేహితుడు. తెలుసుకోండి.

మొన్న సోమవారం బాషా భార్య కుల్సుం మా ఇంటికొచ్చింది. నన్ను తిడుతుందేమోనని చెక్కపని చేసే పట్టెడ వెనక్కి జరిగాను. ఆమె నావైపు చూడలేదు. పుల్లమ్మతో అంది: "ఏం ఆట ఆడతన్నారో నాకు తెలవదు గానీ వదినా, శుక్రారం రాత్రి ఒక్కటే ఆయనకి నిద్ర పడతంది. మిగతా ఆరు రాత్రులూ గోడకానుకుని కూసుంటన్నాడు."

ఓడి ఓడి అలిసిపోయి పడుకుంటున్నాడనుకున్నాను. దెబ్బలు తిన్న ఎద్దు కూడా పడుకుంటుంది గదా.

అందుకని మీ మాట వినాలని తీర్మానం చేసుకున్నాను. కావాలని తప్పుగా ఆడితే వాడికి తెలిసిపోతుంది, నాకన్నా వాడికే ఆట ఎక్కువ తెలుసు. అందుకే నా పనిముట్లతోనే మోసం చేస్తున్నాను. కొత్త పాచిక చెక్కాను. ఆరు చుక్కల వైపు సన్నగా తొలిచి, చేపల వలకి కట్టే సీసపు గుండు ముక్క కూరి, లక్కతో మూసి, పాతదాని రంగే వేశాను. బరువైన ఆరు అడుక్కి పోతుంది, పైకి ఒకటి వస్తుంది. పది వేస్తే ఎనిమిదిసార్లు ఒకటే. ఈ చేతుల్తో చేసిన వాటన్నిట్లోకీ ఇదే నాణ్యమైన పని.

ఈ శుక్రవారం షబ్బీరు ఏరు దాటుతాడు. చూస్తూ ఉండండి.

మీ
యల్లమంద


మాచర్ల,
17 జనవరి 1945

మాస్టారికి,

ఈసారి దండాలు పెట్టడానికి చేతులు రావడం లేదు. నా మీద కోపమొస్తే నన్ను తిట్టండి. నాకు మీ మీద కొంచెం వచ్చింది, పోతుందిలెండి.

శుక్రవారం బాషా వచ్చాడు. ఎడమపక్క రెల్లులోంచి నీళ్ళలోకి దిగాడు. నేను పాచిక వేశాను. ఒకటి. వాడు బెత్తెడు నడిపాడు. ఒకటి. బెత్తెడు. రెండు. బెత్తెడు. ఒకటి. పదహారుమందిలో పదకొండుమంది గట్టెక్కారు. ఎర్రదారం వాడు అందరికన్నా ముందున్నాడు. దిబ్బ ఎక్కి నా ఆరుగుర్నీ కొట్టేశారు. ఓడిపోయినందుకు నాకు బాధే వెయ్యలేదు, అంత పెద్దమనిషినైపోయాను ఆ క్షణంలో.

"గెలిచావు బావా!" అని అరిచాను. పుల్లమ్మ లోపల్నుంచి బెల్లం ముక్క పట్టుకొచ్చింది.

బాషా తీసుకోలేదు. బెత్తెడు పుల్ల తీసి, ఆ నీలిగుడ్డని ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా మళ్ళీ కొలిచాడు. నాలుగు బెత్తెలు.

"నీళ్ళల్లోంచే గదా వచ్చింది?"

"నీళ్ళల్లోంచే."

"వంతెన ఎక్కలా."

"ఎక్కలా బావా. తెలివిగా దాటించావు."

వాడు పీట మీద కూర్చున్నాడు. పంచలోకి ఎండ పడుతోంది. మస్తాన్‌రావు తలుపేసుకుని చెప్పింది అప్పుడు చెప్పాడు. ఇన్ని వారాలు నాకు చెప్పనిది.

ఆ రోజు ఏటి గట్టున వాళ్ళ ఆఫీసరు మొదటే పడిపోయాడట. తరవాత పెద్ద షబ్బీరే, పటాలంలో నాయకు హోదా గదా. ఎట్లా దాటాలో వాడే చెప్పాలి. నీళ్ళలో దిగుదామని కొందరన్నారట. షబ్బీరు నవ్వాడట. "నీళ్ళల్లో బెత్తెడు, వంతెన మీద జానెడు. మా నాయన నేర్పిన లెక్క ఇది" అని వంతెన మీదికి పరిగెత్తాడట. మిగతా పదిహేనుమందీ వాడి వెనక పరిగెత్తారు. వాడితో కలిపి పద్నాలుగుమంది చచ్చిపోయారు. మస్తాన్‌రావుతో కలిపి ఇద్దరే బతికారు. కొడుకు నవ్వుతూ పోయాడని తండ్రికి ఊరటగా ఉంటుందని ఆ మస్తాన్‌రావు అనుకున్నాడు.

మాస్టారూ, ఆ సూత్రం బర్మాది కాదు. మా పంచలోది. నా జానాతో, నా బెత్తెతో కోసిన పుల్లలు. దాన్ని కొడుక్కి నేర్పింది బాషా. వంతెన కనపడితే వదలొద్దురా అని వందసార్లు చెప్పడం మీరూ విన్నారు.

"పదమూడు వారాలు సూశా బావా" అన్నాడు. "యాడ దిగినా సచ్చేదే అని తేలింది. సరే, మావోడు తప్పు సెయ్యలా. ఆ పదమూడుమంది ఉసురూ వాడికి తగల్లా. నేను తప్పు నేర్పలా. ప్రతి శుక్రారం అది సూసుకుని పోయి పడుకునేవోణ్ణి. ఇయ్యాళ దారుందని సూపించావు."

పుల్లమ్మ చేతిలో బెల్లం ముక్క అట్లాగే ఉంది.

సిపాయిల్ని తుడవకుండా పెట్టెలో పోసుకుని వెళ్ళిపోయాడు. తగరం తగరానికి తగిలిన చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

నేను వాణ్ణి గెలుస్తూ ఒళ్ళు పెంచుకున్న పదమూడు వారాలూ వాడికి నిద్ర పెట్టానన్నమాట. జాలిపడి ఓడిన ఒక్క శుక్రవారం వాడి కొడుకు నెత్తిన పదమూడు శవాలు పెట్టాను.

కానీ ఇది దిద్దుకోవచ్చు. ఎందుకంటే ఆ గెలుపు దొంగది. పాచిక తీసుకుపోయి వాడి కళ్ళముందే పగలగొట్టి సీసం చూపిస్తాను. నేను మోసం చేశానురా, దారి లేదు, పాత పదమూడు ఆటలే నిజం అని చెప్తాను. దొంగ తనే సొత్తు పట్టుకుని పోతే ఏ కోర్టయినా నమ్ముతుంది. రేపు పొద్దున్నే అడితికి పోతున్నాను.

యల్లమంద


మాచర్ల,
4 ఫిబ్రవరి 1945

చెన్నకేశవరావు మాస్టారికి, కుడిపక్కా, ఎడమపక్కా లేని యల్లమంద రాసేది.

మీరు రెండు కార్డులు రాశారు. జవాబు ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక కాదు.

అడితికి పోయాను. బాషా నెత్తిమీద మోపు దించి నిలబడ్డాడు. దుంగ మీద పాచిక పెట్టి ఉలితో ఒక్క దెబ్బ వేశాను. రెండు ముక్కలైంది. సీసం గుండు దొర్లి వాడి కాలి దగ్గర పడింది. అంతా చెప్పాను. మీ సలహా అని మాత్రం చెప్పలేదు, ఆ పుణ్యం నాకే ఉంచుకున్నాను.

వాడు సీసం తీసి అరచేతిలో దొర్లించి చూశాడు. మంచిపని చేశావు అన్నట్టే తల ఊపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తరవాత మెల్లిగా అడిగాడు: "మన పాచికలన్నీ ఎవురు సేసినయ్ బావా?"

"నేనే."

"పాతది కూడానా?"

"అది నిఖార్సయిందిరా! పదమూడేళ్ళుగా ఆడతన్నాం గదా!"

"ఆఁ" అన్నాడు. మోపు మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "నువ్వు గెలిచినప్పుడల్లా నీ మొగం సూశాలే బావా" అని వెళ్ళిపోయాడు.

నేను ఎక్కడైనా మొహం దాచుకోగలను గానీ, ఎదురు కూర్చుని ఆడినవాడి దగ్గర ఎట్లా దాస్తాను? ఒక దొంగ పాచిక ఒప్పుకున్నవాడి మిగతా పాచికల్ని ఎవరు నమ్ముతారు? ఇప్పుడు వాడికి దారి ఉందనీ తెలియదు, లేదనీ తెలియదు. ఇదివరకు ఒక్క రాత్రయినా నిద్ర ఉండేది.

ఇంటికొచ్చి పాత పాచిక తీసి బల్ల మీద వేస్తూ కూర్చున్నాను. నా నిజాయితీకి నేనే సాక్ష్యం చెప్పుకోవాలని. రెండొందలసార్లు వేశాను. పుల్లమ్మ గోడమీద బొగ్గుతో గీతలు పెట్టింది. ఆరు యాభై ఎనిమిదిసార్లు పడింది. ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు పడాలి. మళ్ళీ రెండొందలు వేశాను. యాభై నాలుగు.

దాన్ని తిప్పి చూశాను. వడ్రంగికి చెప్పాల్సిన పని లేదు. చుక్కలకని గుంటలు తవ్వుతాం. ఆరు గుంటలు తవ్విన వైపు కర్ర తగ్గుతుంది, ఎదురువైపు ఒక్క గుంటే. నేను కుర్రతనంలో ఆ గుంటలు మరీ లోతుగా తవ్వాను, దూరానికి కనపడాలని. తేలికైన వైపు పైకి లేస్తుంది. ఇద్దరం ఒకే పాచికతో ఆడినన్నాళ్ళూ ఆ తప్పు ఇద్దరికీ సమానంగా పోయింది, ఎవరికీ తెలియలేదు. దిబ్బ మీద మిషన్ గన్ నా ఒక్కడిదే అయిన రోజునుంచీ ఆ ఆరు నావైపే పనిచేసింది.

అంటే పదమూడు వారాలూ దొంగలెక్కే. నాకు తెలియకుండా. ఏటిలో దారుందో లేదో మా బల్ల ఎప్పుడూ చెప్పలేదు. ఈ సంగతి బాషాకి చెప్పను. నిజం చెప్పి చూశాను గదా ఒకసారి.

మొన్న బుధవారం చక్రాల పని మీద రెంటచింతల పోయి సాయంత్రానికి వచ్చాను. మా వాకిట్లో కొలిమి వెలుగుతోంది. బాషా కూర్చుని తిత్తి ఊదుతున్నాడు. పుల్లమ్మ అటకమీది ఇత్తడంతా దించి వరసగా పెట్టింది. రెండేళ్ళుగా చిలుము పట్టి పులుసు కాచుకోలేక తిట్టుకుంటోంది గదా, మొహం వెలిగిపోతోంది.

"అన్నయ్యే వచ్చి ఉన్న గిన్నెలన్నీ తెమ్మన్నాడయ్యా. డబ్బులొద్దంట" అంది.

కళాయికి చల్లే నవాసాగరం పొగ కళ్ళలోకి కొట్టింది. కాలిన గిన్నెలో తగరం ముక్క వేసి దూదితో తిప్పుతుంటే తెల్లగా నీళ్ళలా పాకుతోంది. ఎంతకాలమైందో వాడి చెయ్యి అట్లా తిరగడం చూసి.

"తగరం యాడిది బావా?" అన్నాను. నాకు తెలుసు. అయినా అడిగాను.

"పటాలం సెలవు మీద ఇంటికొచ్చింది" అన్నాడు.

"అందరూనా?"

"అందరూ. ఎర్రదారం ముందే కాలిపోయింది. ఇప్పుడు ఎవడెవడో తెలవదు."

ఇంకో గిన్నె అందుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. వాడు పని చెడగొట్టలేదు. అడుగునా, అంచునా, చెవుల దగ్గరా ఎక్కడా ఇత్తడి కనపడకుండా పెట్టాడు. పదకొండు గిన్నెలు. చివర్న కొలిమి మీద నీళ్ళు చల్లి, తిత్తి చుట్టుకుని, "చెల్లెమ్మా, సల్లారినాక తోముకో" అని చెప్పి పోయాడు. ఆ శుక్రవారం రాలేదు. ఇక రాడు.

నా వైపు సైన్యం నా పెట్టెలో ఉంది. ఎదురు నిలబడేవాళ్ళు లేరు. బల్లకి కాళ్ళు కోసేశాను, పుల్లమ్మ దాని మీద వడియాలు పెడుతుంది.

ఆ రాత్రే పుల్లమ్మ ఆ గిన్నెల్లో పెద్దదాంట్లో చింతపండు పులుసు కాచింది. చిలుము వాసన లేకుండా పులుసు తిని ఎన్నాళ్ళయిందో అంటూ నాకు రెండు గరిటెలు ఎక్కువ పోసి, ఎదురుగా కూర్చుని, బాగుందా అని అడిగింది.

బాగుందన్నాను.

యల్లమంద